పీపా దాకా

అవతలి ఒడ్డున ఎవరో తెల్ల దుప్పటి ఊపుతున్నారు.

లాంచీ నడుపుతున్న సరంగు దాన్ని చూశాడు. ఎండ ఏటి మీద పడి కళ్లు చెదురుతున్నా, రేవు మెట్ల మీద ముగ్గురున్నారని, వాళ్లలో ఒకడు కూలబడి ఉన్నాడని, దుప్పటి ఊపుతున్నది ఆడమనిషని తెలుస్తూనే ఉంది. ఆ ఊపే తీరు కూడా అతనికి తెలుసు. చిన్నప్పుడు ఆమె ఇంటి ముందు బట్టలు అలాగే దులిపేది.

లాంచీ ఏటి మధ్య తేలే ఎర్ర పీపాను చేరింది. కింద ఇంజన్ మోత తగ్గింది. సరంగు చక్రాన్ని ఎడమకు తిప్పాడు. లాంచీ పీపా చుట్టూ ఒక చుట్టు తిరిగి, బయలుదేరిన రేవుకే ముఖం పెట్టింది. దుప్పటి వీపు వెనక్కి పోయింది.

మధ్యాహ్నం రెండు గంటల లాంచీ పని అంతే. పొద్దున, సాయంత్రం లాంచీ నిండా జనం ఉంటారు కాబట్టి ఏరు దాటుతుంది. మధ్యాహ్నం ఎక్కేవాళ్లు పలచన. ఆ పలుచదనం కాంట్రాక్టరు మనుషుల కంట పడింది. జనానికి ప్రయాణం ఉచితం. ప్రభుత్వం ట్రిప్పుకింత అని కాంట్రాక్టరుకు ఇస్తుంది. ట్రిప్పులు లెక్కపెట్టేది లాంచీ కప్పు మీద బిగించిన జీపీఎస్ డబ్బా. లాంచీ రేవు వదిలి కాస్త దూరం పోగానే, పట్నంలో రవాణా ఆఫీసు తెర మీద పచ్చదీపం వెలుగుతుంది. అవతలి ఒడ్డు అనేది ఒకటుందని ఆ డబ్బాకు ఎవరూ చెప్పలేదు. ఏడాది పైగా రెండు గంటల లాంచీ పీపా దాకా పోతోంది, వస్తోంది, పచ్చదీపం వెలిగిస్తోంది. రేవులో మాత్రం 'ఇది ప్రజల సొమ్ముతో నడిచే సేవ' అని పెద్ద బోర్డు ఉంది.

ఇవతలి ఒడ్డువాళ్లు దీనికి గాలి షికారు అని పేరు పెట్టారు. భోజనం అరగడానికి ఇద్దరు పింఛను పెద్దమనుషులు రోజూ ఎక్కుతారు. ఒకాయన పేపరు చదువుతాడు, ఇంకొకాయన కునుకు తీస్తాడు. పీపా దగ్గర లాంచీ తిరగగానే ఇద్దరూ లేచి చెప్పులు వేసుకుంటారు.

మర్నాడు సాయంత్రం లాంచీ అవతలి రేవు చేరేసరికి సరంగు అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. అక్కడి చిన్న ఆసుపత్రిలో ఆమె నర్సు. డాక్టరు ఉండడు, మందుల బీరువా, ఒక మంచం, ఆమె. తెల్లచీర అంచున ముందురోజు నెత్తురు ఎండి నల్లబడింది.

వడ్రంగి చెయ్యి రంపం మిషన్లో పడిందని ఆమె చెప్పింది. తను కట్టుకట్టి తెచ్చింది. రెండు గంటల లాంచీ వస్తుందన్న ఆశ ఆమెకు లేదు, అయినా మధ్యలో కనబడుతుంది కదా, మనిషి కనబడితే మనిషి ఆగుతాడు కదా అనుకుంది. ఆగలేదు. చివరికి చేపలవాళ్ల తెడ్డు పడవ దొరికింది. ఎదురు ప్రవాహంలో వాళ్లు దాటేసరికి పొద్దు వాలింది. పెద్దాసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకాస్త ముందు తెచ్చుంటే ఒకటైనా నిలిచేదన్నారట.

"చూశానక్కా," అన్నాడు సరంగు.

"తెలుసు. నువ్వు చూశావని నేనూ చూశాను."

అతను తాడు కొస పట్టుకుని నిలబడిపోయాడు. తన చేతుల్లో ఏముంది అన్నాడు. మేనేజరు చెప్పినట్టు తిప్పుతాను, నేను తిప్పనంటే ఇంకో సరంగును తెచ్చుకుంటారు అన్నాడు.

"తెచ్చుకోనీరా. అప్పుడు వాడి అక్క ఏడుస్తుంది."

ఆ తర్వాత ఆమె గొంతు మామూలుగా అయింది. రవాణా ఆఫీసుకు ఫోన్ చేశానంది. ఎత్తినవాళ్లు పెట్టేస్తే మళ్లీ చేసింది. వాళ్లు విసుక్కున్నా చేసింది. చివరికి ఒక ఆఫీసరమ్మ ఎల్లుండి స్వయంగా వచ్చి చూస్తానంది. ఆవిడతో ఏం చెప్పాలో అతని ఇష్టం, తను మాత్రం రెండింటికి ఈ రేవులోనే ఉంటానంది. లేచి చీర దులుపుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. రోజూ ఇచ్చే టీ ఫ్లాస్కు ఆ రోజు ఇవ్వలేదు.

ఆఫీసరు వస్తున్నదన్న కబురు మేనేజరుకు కూడా ముందే అందింది. అలాంటి కబుర్లు ఆయన దగ్గరికి నడిచి రావు, ఈదుకుంటూ వస్తాయి. ఎండున్నా లేకున్నా, పైకప్పు కింద ఉన్నా, గొడుగు చేతిలోంచి వదలడు కాబట్టి అందరూ ఆయన్ని గొడుగాయన అంటారు. మర్నాడు పొద్దున్నే గొడుగు మొనతో లాంచీని పొడుస్తూ పనులు చెప్పాడు.

లాంచీ పెళ్లికి ముస్తాబైనట్టు అయింది. తుప్పు మీద రంగు పడింది. గోదాంలో ఎలుకలు కాపురముంటున్న లైఫ్ జాకెట్లు బయటికొచ్చాయి. తాళ్లు పట్టే మనిషిని అందరూ చిక్కుముడి అంటారు. దేనికీ సూటిగా జవాబు చెప్పడు, తాళ్ల ముళ్లు మాత్రం గట్టిగా వేస్తాడు. అతనికి కొత్త చొక్కా ఇచ్చారు. ఇంజన్ చూసే ముసలాయనకు ఆ మోతలో పడి చెవులు పోయాయి. చెవిటి మామ అంటే పలకడు, పలికినా మామ అన్నందుకే పలుకుతాడు. ఆయనకు షేవింగ్ చేయించారు.

గొడుగాయన ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి రిహార్సల్ చేయించాడు. నమస్కారం ఎలా పెట్టాలి, జాకెట్ ఎలా తొడగాలి, రోజుకెన్ని ట్రిప్పులంటే ఏమనాలి. రెండు గంటల లాంచీ అంటే ఏమనాలి. "దాటుతుంది మేడమ్" అనాలి. చిక్కుముడి ఆ రెండు మాటల్ని నాలుగు రకాలుగా చెప్పాడు. మామ నోటి కదలిక చూసి, మేడమ్ దాటుతుందా అని అడిగాడు.

"రేపు రెండింటి లాంచీ నిజంగానే దాటుతుంది," అన్నాడు గొడుగాయన. "గుర్తుంచుకోండి. నేరుగా అవతలి ఒడ్డుకు."

ఓసారి అలా పోయొద్దామా అని సరంగు అడిగాడు. రిహార్సల్‌కు డీజిల్ దండగ అన్నాడు గొడుగాయన. పొద్దునా సాయంత్రం దాటేవాడికి మధ్యాహ్నం దాటడం కొత్తగా నేర్పాలా అని నవ్వాడు కూడా.

అందరూ వెళ్లాక సరంగును ఒక్కణ్ణి పక్కకు పిలిచాడు. ఈ పరీక్ష గట్టెక్కితే కాంట్రాక్టు ఇంకో అయిదేళ్లు మనదే. కొత్త లాంచీ వస్తుంది. రెండు లాంచీలకూ పెద్ద సరంగు ఒకడు కావాలి. ఇక పరీక్ష పోతే, పీపా దగ్గర తిప్పింది ఎవరని అడుగుతారు. తిప్పింది నేను కాదు, కాంట్రాక్టరు కాదు. చక్రం మీద ఎవరి చేతులున్నాయో లైసెన్సులో రాసుంది. ఇదంతా ఆయన భుజం మీద చెయ్యేసి, ఇంట్లోవాడికి చెప్పినట్టు చెప్పాడు. గొడుగు నీడ మాత్రం తన వైపే ఉంచుకున్నాడు.

సరంగు ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఆమె కూరగాయలు తరుగుతూ వింది. పెద్ద సరంగు అంటే బాగానే ఉంది అంది. అక్క మాట్లాడటం మానేసిందంటే మాత్రం కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"ఆవిడ తిట్టిందా?"

"లేదు."

"అయితే కష్టమే," అని మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. రేపు నేరుగా దాటతాడు. అడిగితే దాటుతుందంటాడు. అబద్ధం ఒక్క పూట చెప్తే పెద్ద సరంగు అవుతాడు. అయ్యాక రెండు గంటల లాంచీ సంగతి తనే చక్కబెడతాడు. పాము చావదు, కర్రా విరగదు. అందులో లోపం ఏదీ అతనికి కనబడలేదు. కనబడకుండా ఉండటానికి చాలాసేపు చూశాడు.

ఆఫీసరమ్మ సన్నగా, కాస్త అలిసిపోయినట్టుంది. చేతిసంచి, నీళ్ల సీసా, కాళ్లకు సాదా చెప్పులు. నమస్కారాలన్నీ అందుకుంది, జాకెట్ తనే తొడుక్కుంది. లాంచీలో జనం కళకళలాడుతున్నారు. వాళ్లలో చాలామంది కాంట్రాక్టరు గోదాం కూలీలే. పనిరోజున ఏటి మీద తిప్పడం ఎందుకో తెలీక మూటల్లా కూర్చున్నారు. పింఛను పెద్దమనుషులిద్దర్నీ ఈ ఒక్కరోజుకు ఎక్కొద్దని గొడుగాయన బతిమాలాడు. ప్రజల సేవ అని బోర్డు రాసి ప్రజల్ని ఆపుతావా అని వాళ్లు ఎక్కి, తమ చోట్లలో తాము కూర్చున్నారు.

లాంచీ రేవు వదిలింది. కప్పు మీద డబ్బా మిణుకుమంది.

సరంగు గదిలో అతనొక్కడే ఉన్నాడు. చేతులు చక్రం మీదున్నాయి, మనసు అవతలి ఒడ్డున ఉంది. మెట్ల మీద తెల్లచీర చుక్కలా కనబడుతోంది. లాంచీ వెళ్లి ఆనగానే అక్క ముఖం ఎలా ఉంటుంది? ఆఫీసరమ్మ ముందు ఆమె నోరు తెరుస్తుంది. అప్పుడు తన అక్కను తనే అబద్ధాలకోరును చెయ్యాలి. దాటుతుంది మేడమ్. ఆవిడ పొరబడింది మేడమ్. ఆ మాటలు నోట్లో పేర్చుకుంటున్నాడు.

కింద ఇంజన్ గదిలో మామ ఇనపపలక మీద ఒట్టి కాళ్లతో నిలబడ్డాడు. చెవులు లేని మనిషి లాంచీని కాళ్లతో వింటాడు. పీపా దగ్గర ప్రవాహం పక్కనుంచి తగిలి పలక వణుకు మారుతుంది. మధ్యాహ్నం పూట ఆ వణుకు రాగానే వేగం తగ్గించడం ఏడాదిగా ఆయన చేసే పని. తగ్గించాడు.

ఇంజన్ మోత తగ్గింది. పైన సరంగు చేతులు చక్రాన్ని ఎడమకు తిప్పాయి.

లాంచీ వాలుతుంటే చిక్కుముడి కుడి పక్కనుంచి లేచి, తాడు చుట్ట తీసుకుని ఎడమ పక్కకు వెళ్లి నిలబడ్డాడు. కునుకు తీస్తున్న పెద్దమనిషి కళ్లు తెరిచాడు. పేపరాయన పేపరు మడిచాడు. ఇద్దరూ చెప్పులు వేసుకుని దిగే గేటు దగ్గరికి నడిచారు. అంతా ఎంత ఒద్దికగా జరిగిపోయిందంటే, ఒక్క గొడుగాయన తప్ప ఉలిక్కిపడినవాడు లేడు.

సరంగుకు తెలిసేసరికి ఎదుట ఇవతలి రేవు ఉంది.

కొయ్యమొద్దు అడ్డొచ్చిందని గొడుగాయన కింద ఆఫీసరమ్మకు చెబుతున్నాడు. పెద్ద మొద్దు, ఈ కాలంలో కొట్టుకొస్తాయి, సరంగు చూసి తప్పించాడు, ప్రయాణికుల భద్రతే మాకు ముఖ్యం. ఆవిడ నీటి వైపు చూడలేదు. గేటు దగ్గర చేతికర్ర పట్టుకుని బుద్ధిగా నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్లను చూస్తోంది. కాసేపు చూసి, ఇనప నిచ్చెన ఎక్కి సరంగు గదిలోకి వచ్చింది. వెనకే గొడుగాయన తల, ఆయన కంటే ముందు గొడుగు.

"మొద్దు అడ్డొచ్చిందా?" అని ఆవిడ అడిగింది.

గొడుగాయన ఆవిడ భుజం మీదుగా అతని కళ్లలోకి చూశాడు. అవునంటే సరిపోతుంది. ఒక్క మాట. మొద్దు ఎలా ఉందో కూడా ఎవరూ అడగరు.

సరంగు చక్రం మీదున్న తన చేతుల్ని చూసుకున్నాడు. అవి ఇంకా నిమ్మళంగా రేవు వైపు నడుపుతున్నాయి. వాటికి ఎవరూ రిహార్సల్ చెప్పలేదు. నిన్న రాత్రి తను చేసిన నిర్ణయం వాటిదాకా చేరనే లేదు.

"అలవాటు మేడమ్," అన్నాడు.

"ఏం అలవాటు?"

చెప్పాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పీపా, డబ్బా, డీజిలు. తెల్ల దుప్పటి దగ్గర కాస్త ఆగి, అదీ చెప్పాడు. గొడుగాయన మధ్యలో రెండుసార్లు దగ్గాడు, ఒకసారి నవ్వాడు, తర్వాత ఫోన్ తీసుకుని నిచ్చెన దిగాడు.

ఆవిడ కిటికీలోంచి కప్పు మీది డబ్బాను చూసింది. తన ఆఫీసులో ఒక గోడ నిండా పచ్చదీపాలేనని చెప్పింది. అన్నీ వెలిగుంటే టీ తాగడానికి పోతారు. అవి ఎక్కడికి పోయి వెలుగుతున్నాయో ఎవరూ అడగలేదు. ఆవిడా అడగలేదు. ఈ మాటలు తప్పు ఒప్పుకున్నట్టు కాక, ఊరి దారి చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడు దాటించు," అంది.

సరంగు గంట కొట్టి, మామ వినడని గుర్తొచ్చి, చిక్కుముడిని కిందికి పంపాడు. లాంచీ మళ్లీ తిరిగింది. గేటు దగ్గరున్న పెద్దమనుషులకు కాళ్లు తడబడ్డాయి. తమని ఎక్కడికి ఎత్తుకుపోతున్నారని వాళ్లు కూలీల్ని అడిగారు.

అవతలి రేవు ఖాళీగా ఉంది. మెట్ల మీద అక్క ఒక్కతే. పైన వీధిలో కుక్క తప్ప ప్రాణి లేదు. గొడుగాయనకు పోయిన ఊపిరి తిరిగొచ్చింది. లాంచీ ఆనకముందే ఆఫీసరమ్మ పక్కకు చేరాడు.

"మీరే చూడండి మేడమ్. ఒక్క పురుగు లేదు. ఎవరి కోసం దాటాలి? ఖాళీ రేవుకు ఖాళీ లాంచీ నడపడమే కదా ప్రజల సొమ్ము దండగ చెయ్యడమంటే."

మాటలో పస ఉంది. ఆఫీసరమ్మ మెట్లన్నీ పరికించి చూసింది. సరంగు లెక్క వేసుకున్నాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది. పోయినందుకు ఫలం కూడా దక్కేలా లేదు.

అక్క మెట్లు దిగి నీళ్ల అంచుకు వచ్చింది.

"రాని పడవ కోసం ఎవరు నిలబడతారమ్మా?" అంది ఆఫీసరమ్మతో. తర్వాత తలెత్తి, రెండు రోజుల్లో మొదటిసారి తమ్ముడితో మాట్లాడింది. "ఒరేయ్, కూత వెయ్యి."

అతను తాడు లాగాడు. పొడుగ్గా లాగాడు. మళ్లీ లాగాడు.

మొదట ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత వీధి పొడుగునా తలుపులు. మనుషులు పరుగున వచ్చారు. మెల్లగా, చూద్దామన్నట్టు కాదు, పంచెలు ఎగగట్టి, పైట బిగించి. ఒకడు తాళ్ల చుట్ట తెచ్చాడు. ఇద్దరు లారీ ట్యూబులు దొర్లించుకొచ్చారు. ఒక నులకమంచం నలుగురి భుజాల మీద వచ్చింది. ఒక ముసలామె దుప్పట్ల మోపుతో మెట్ల మీద జారి, మళ్లీ లేచింది.

"ఎవరు? ఎవరు మునిగారు?" అని ముందొచ్చినవాడు రొప్పుతూ అడిగాడు.

ఎవరూ మునగలేదని అక్క చెప్పింది. రెండు గంటల లాంచీ వచ్చింది, అంతే.

వాడు లాంచీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. వెనకవాళ్లకు చెప్పాడు. వాళ్లు ఇంకా వెనకవాళ్లకు చెప్పారు. కిందటేడు తెడ్డు పడవ బోల్తా పడ్డ రోజున తప్ప మధ్యాహ్నం పూట ఆ ఒడ్డున లాంచీ కూత వినబడలేదని ముసలామె ఆఫీసరమ్మకు వివరించింది. దించిన మంచం మీదే కూర్చుంది. కాసేపటికి ఒకామె, నిజంగానే వచ్చిందా, అయితే ఉండండి అని, ఇంటికి పరుగెత్తింది. జ్వరంతో ఉన్న పిల్లను భుజాన వేసుకుని వచ్చి ఎక్కింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. మంచం తెచ్చినవాళ్లలో ఒకడు ఏరు దాటే పని ఉందని అలాగే ఎక్కేశాడు.

గొడుగాయన గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఆఫీసరమ్మ అక్కతో కాసేపు మాట్లాడింది. రిపోర్టులో మొదటి పేరు చక్రం తిప్పినవాడిదే రాయాలని దాచకుండా చెప్పింది. రాయండి అన్నాడు సరంగు. తర్వాత పేరు ఎవరిదని అక్క అడిగింది.

"కాంట్రాక్టరుది. ఆ తర్వాత, రోజూ పచ్చదీపాలు చూసి సంతకం పెట్టిన నాది. నేను చివరిదాకా రాస్తాను. పైవాళ్లు ఎంతవరకు చదువుతారో నాకు తెలీదు."

పైవాళ్లు మొదటి పేరు దగ్గరే ఆగిపోయారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అకారణంగా లాంచీని వెనక్కి తిప్పినందుకు సరంగు లైసెన్సు ఆరు నెలలు నిలిపేశారు. కాంట్రాక్టరును హెచ్చరించారు. ఆఫీసరమ్మను ఏ దీపాలూ లేని ఇంకో సీటుకు బదిలీ చేశారని చిక్కుముడి ఎక్కడో విని చెప్పాడు. అతను చెప్పాడు కాబట్టి ఎంత నిజమో తెలీదు. అయితే ఆ రిపోర్టు చివరి పేజీ కూడా ఎవరో ఒకరు చదివినట్టున్నారు. పచ్చదీపం ఇప్పుడు అవతలి రేవు తాకితేగాని వెలగడం లేదు. కొత్త సరంగు పక్క ఊరివాడు, ఎవరితో మాట్లాడడు. రెండింటికి బయలుదేరతాడు, దాటతాడు. పింఛను పెద్దమనుషులు షికారు మానుకున్నారు. దాటితే తిరిగి రావడానికి టైం పడుతోందని, ఇదేం సేవని వాళ్ల ఫిర్యాదు.

అక్క అన్నానికి రమ్మని కబురు పెట్టింది. సరంగు రెండు గంటల లాంచీ ఎక్కి, ఎక్కడ కూర్చోవాలో తెలీక రైలింగు పట్టుకు నిలబడ్డాడు. ప్రయాణికుడిగా ఎక్కడం అతనికి అదే మొదలు.

బెంచీ పక్కన ఒక తలుపు రెక్క గోడకు చేరవేసి ఉంది. దాని పక్కన, చేతికి లావుపాటి కట్టుతో వడ్రంగి. తలుపు కొత్త టేకుది, సగం చిత్రిక పట్టి సగం గరుకుగా వదిలేసి ఉంది. పని ఇచ్చిన ఇంటివాళ్లు, పూర్తి చెయ్యగలవా అని అడక్కుండానే తలుపు తిరిగిచ్చేశారు. ఆ సంగతి వడ్రంగి ఎవరితోనో చెబుతుంటే సరంగు విన్నాడు. అటు తిరగలేదు.

లాంచీ అవతలి రేవుకు ఆనింది. జనం దిగారు. వడ్రంగి తలుపును ఒంటిచేత్తో ఎత్తబోయాడు, అది జారింది. మళ్లీ ఎత్తబోయాడు. తర్వాత తలెత్తి సరంగును సూటిగా చూశాడు.

"అటు చివర పట్టుకో."

సరంగు పట్టుకున్నాడు. తలుపు బరువుగా ఉంది.

"ఎక్కడిదాకా?" అని అడిగాడు.

"మా ఇంటిదాకా. మధ్యలో వెనక్కి తిప్పవుగా?"

సరంగు తన చివరను ఇంకాస్త పైకి ఎత్తి పట్టాడు.  మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. బరువంతా కిందవాడి మీద పడుతుంది కాబట్టి సరంగు కింద ఉన్నాడు. సగం ఎక్కాక వడ్రంగి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"ఇది పూర్తి చెయ్యాలి," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఎడం చేత్తో చిత్రిక నేర్చుకుంటున్నా. చెక్క కదలకుండా పట్టుకునేవాడు లేక వంకర పోతోంది. నీకిప్పుడు పనేం లేదుగా?"

"లేదు."

"అన్నం తిని రా."

మళ్లీ ఎక్కారు. పై మెట్టు దగ్గర అక్క నిలబడి ఉంది. తలుపుకు దారి ఇచ్చి పక్కకు జరిగింది.